కంచె అవతల పడ్డ జింక

హాలిఫాక్స్‌కు గంట దూరంలో మేం అద్దెకున్న ఇంటి యజమాని తెలుగాయన. యాభై ఏళ్ల కిందట తెనాలి నుంచి ఫిజిక్స్ మాస్టారుగా వచ్చి, ఇక్కడి హైస్కూల్లోనే రిటైరయ్యారు. భార్య పోయాక పక్షవాతం వచ్చి కాళ్లు పట్టు తప్పాయి. మెట్లెక్కలేక పై అంతస్తు మా దంపతులకిచ్చి, తాను కింద ఉండేవారు. మేం అంకుల్ అనేవాళ్లం. నేను "వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నా అంకుల్" అంటే, "ఇంటిపట్టునే పనన్నమాట" అని తన తెలుగులోకి మార్చుకునేవారు.

ఆయన వేటగాడని తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

"మొదటి చలికాలంలో నాతో పనిచేసే మాస్టారొకాయన జింక మాంసం తెచ్చి గుమ్మంలో పెట్టాడమ్మాయ్. ఎలా వండాలో మీ ఆంటీకి తెలీదు. గోంగూర లేదు, ఉన్న పాలకూరతోనే వండింది. మరుసటేడు అతనితో పాటు నేనూ అడవికెళ్లాను" అన్నారు.

అప్పటినుంచి ఏటా నవంబరులో వెళ్లేవారట. పక్షవాతం వచ్చాక రెండేళ్లు వెళ్లలేదు. మేం చేరిన ఏడాది వేసవిలో ఒకరోజు వరండాలో కూర్చుని పొలం చివరకి చెయ్యి చూపించారు. అక్కడ చిన్న వాగు, వాగు పక్కన ఆల్డర్ పొదలు. సాయంత్రాలు జింకలు ఆ పొదల్లోంచి వచ్చి మేస్తాయి.

"రెండు వందల గజాలుంటుంది. నేను అక్కడికి నడవలేను. ఇక్కణ్ణుంచే కొట్టాలి" అన్నారు.

ఆయన రైఫిల్ దట్టమైన అడవిలో దగ్గరి వేటకు పనికొచ్చేది. దాని తూటాకు మెడ ఉండదు. మామూలు రైఫిల్ తూటా ఇత్తడి గొట్టం పైకొచ్చేసరికి సీసా మెడలా సన్నబడుతుంది. ఇది మాత్రం సుద్దముక్కలా కిందా పైనా దాదాపు ఒకే లావు. దానిలోంచి వచ్చే గుండు లావుగా, బరువుగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్తుంది, దూరం పోయేకొద్దీ జారిపోతుంది. షాపులో దొరికే తూటాలతో రెండు వందల గజాల దగ్గర గుండు ఎక్కడ తగులుతుందో ఆయనకు నమ్మకం లేదు. అందుకని తానే తయారుచేసుకుంటానన్నారు. చేతులు పనిచేస్తాయిగానీ తూటాలు బిగించే ప్రెస్సు పిడి లాగే బలం లేదు. ఆ పని నాకొచ్చింది.

ఆ వేసవంతా ఆయన డైనింగ్ టేబుల్ మీద అదే పని. వాడేసిన ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసి, ప్రెస్సులో పెట్టి నేను పిడి లాగితే గొట్టం మళ్లీ అసలు కొలతకొచ్చేది. మరో అచ్చుతో దాని మూతిని కాస్త విచ్చదీయాలి, లేకపోతే గుండు దిగదు. తుపాకిమందు తూచడం మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. త్రాసు పళ్లెం మీద మందు పలుకులు పడుతున్నంతసేపూ గదిలో మాట ఉండకూడదు. ఆ తర్వాత గుండు కూర్చోబెట్టి, విచ్చిన మూతిని మళ్లీ లోపలికి నొక్కేవాళ్లం.

"గుండ్ల కొసలు రబ్బరులా మెత్తగా ఉన్నాయేంటి అంకుల్?"

"ఈ రైఫిల్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయమ్మా. కొస గట్టిగా, సూదిలా ఉంటే ముందున్న దాని వెనక పొడిచి పేల్చేస్తుంది. కొస లేకపోతేనేమో గాలి ఆపేస్తుంది. అందుకని ఇలాంటివి కనిపెట్టారు."

మా ఆయన శనివారాలు ఆయన్ని షూటింగ్ క్లబ్బుకి డ్రైవ్ చేసి తీసుకెళ్లేవాడు. మొదట్లో రంధ్రాలు అట్ట మీద చెల్లాచెదురుగా పడ్డాయి. మందు కాస్త మార్చి, మళ్లీ తయారుచేసి, మళ్లీ కాల్చేవారు. సెప్టెంబరు చివరికి రంధ్రాలన్నీ అరచెయ్యి కిందికి సరిపోయాయి. ఆ రోజు అంకుల్ మాకు తన చేత్తో కాఫీ పెట్టిచ్చారు, గిన్నె పట్టుకోవడానికి తంటాలు పడుతూనే.

నవంబరులో సీజన్ మొదలైన రెండో వారం, ఎండ వాలుతుండగా, పొదల్లోంచి ఒక కొమ్ముల జింక బయటికొచ్చింది. అంకుల్ వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు టోపీ, జాకెట్టుతో వరండాలో సిద్ధంగా ఉన్నారు. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆన్చారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. పక్క నుంచి ఉన్నట్టుండి గాలి లేచింది. ఆయన ఆగలేదు, కాల్చేశారు.

జింక ఎగిరిపడింది. వాగు దాటి, పక్క పొలం కంచె మీంచి దూకి, అవతల ఆపిల్ చెట్టు కింద కూలిపోయింది. కానీ తల ఎత్తే ఉంది.

ఆ పొలం ఆ మధ్యే సిటీ నుంచి వచ్చి కొనుక్కున్న ఒకావిడది. ఇల్లు గుట్ట అవతల ఉంటుంది. కంచె పొడుగునా 'వేట నిషేధం, లోపలికి రావద్దు' అన్న బోర్డులు.

"కాల్చడానికి వీల్లేదు. ఆవిడ నేల మీదుంది. వెళ్లి అడగండమ్మా. మర్యాదగా అడగండి" అన్నారు అంకుల్. 

మేమిద్దరం కార్లో వెళ్లి తలుపు తట్టాం. యాభై ఏళ్లావిడ, తలుపు సగమే తెరిచింది. నేను ఇంగ్లిషులో చెప్పుకొచ్చాను. మా ఇంటి యజమాని నడవలేరని, జింక బాధపడుతోందని, మా ఇద్దరికీ తుపాకి లైసెన్సు లేదని, ఆవిడ సరేనంటే దగ్గర్లోని వేటగాడెవరినైనా పిలుస్తామని.

"మళ్లీ తుపాకా? పోయినేడు ఎవడో వేటగాడు నా కుక్కని కాల్చేశాడు. జింక అనుకున్నాట్ట. ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. నా నేల మీద తుపాకి మోగడానికి ఒప్పుకోను. సారీ" అంది. కోపంగా అనలేదు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. తలుపు మూసుకుంది.

వెనక్కొచ్చి మా వైపు కంచె దగ్గర నిలబడ్డాం. జింక ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. లేవబోయి ముందుకాళ్ల మీద తూలి మళ్లీ పడింది. దాని ముక్కులోంచి ఆవిరి కనిపిస్తోంది. ఫోన్ మోగింది.

"బైనాక్యులర్స్‌లో చూస్తున్నానమ్మాయ్. ఇంకా తల ఎత్తుతోంది. ఏమంది ఆవిడ?"

"వద్దంది అంకుల్."



మా ఆయన కంచె తీగ మీద చెయ్యేశాడు. "నేను దూకేస్తా. ఎంతసేపు ఇలా చూస్తాం?"

"దూకి ఏం చేస్తావ్? చేత్తో చంపుతావా? మన పర్మనెంట్ రెసిడెన్సీ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ట్రెస్‌పాసింగ్ అని కంప్లయింట్ ఇస్తే?"

"మరి ఏం చేద్దాం?"

 వన్యప్రాణి శాఖ నంబరుకు ఫోన్ చేశాను. ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. తాను రెండు గంటల దూరంలో వేరే కేసు మీద ఉన్నానని, పొలం యజమాని ఒప్పుకోనిదే చీకట్లో చేయగలిగింది లేదని, పొద్దున్నే వచ్చి ఆవిడతో మాట్లాడతానని అన్నాడు. ఆ మాట అంకుల్‌కు చెప్పాను.

"పొద్దున్నా?" అన్నారు. 

చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. ఎందుకున్నామో తెలీదు. మేం కదిలితే అది బెదిరి లేవబోతోంది, అందుకని కదలకుండా నిలబడ్డాం. వెళ్లిపోతే దాన్ని వదిలేసినట్టు అనిపించింది. నేను చిన్నగా ఏదో మాట్లాడాను, తెలుగులోనే, పసిపిల్లను ఊరుకోబెట్టినట్టు. అది చెవి ఇటు తిప్పింది. అలా మాట్లాడినందుకు సిగ్గేసింది, దానికి భయమే తప్ప ఓదార్పు ఏముంటుంది అని.

ఇంటికొచ్చేసరికి అంకుల్ ఇంకా వరండాలోనే ఉన్నారు. లోపలికి రమ్మంటే, "నన్ను దాని దగ్గరికి తీసుకెళ్లడం మీ వల్ల కాదు, నడవడం నా వల్ల కాదు" అన్నారు. మా ఆయన వీల్‌చెయిర్ తెచ్చి, ఎత్తి కూర్చోబెట్టి లోపలికి తెచ్చాడు. ఆయన అన్నం ముట్టలేదు. మేమూ తినలేదు.

పొద్దున ఆఫీసరు వచ్చాడు. ఆవిడ తానే గేటు తీసింది. జింక చచ్చి బిగుసుకుపోయి ఉంది. వెనక భాగం నక్కల్లాంటి కాయోట్లు తినేశాయి. ఆఫీసరు గాయం చూసి, గుండు తగలాల్సిన చోటికి జానెడు వెనక తగిలిందని, గాలికే అలా జరిగి ఉంటుందని అన్నాడు.

ఆవిడ నా పక్కనే నిలబడింది. "రాత్రి టార్చ్ పట్టుకుని వచ్చాను. కళ్లు మెరుస్తూ కనిపించాయి. మీకు ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ఏం చెయ్యాలో తెలీక ఇంట్లోకెళ్లి టీవీ సౌండు పెంచుకున్నాను" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

గుండు వెనక తగిలిందని ఇంటికెళ్లి చెబితే అంకుల్ ఒకే ప్రశ్న అడిగారు. "ఎంత వెనక?"

"జానెడు" అన్నాను.

ఆయన తన చెయ్యి చాపి, బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య దూరం చాలాసేపు చూసుకున్నారు. "గాలి తెలుస్తూనే ఉంది. ఆగి ఉంటే పొదల్లోకి పోయేది. పోనివ్వాల్సింది" అన్నారు. అలా అనకండి అంకుల్ అన్నాను. 

ఆవిణ్ణి టీకి పిలవమన్నారు, తానే సారీ చెప్పాలని. రెండుసార్లు వెళ్లి పిలిచాను. తప్పకుండా వస్తానంది. రాలేదు. మంచు కురవడం మొదలైంది. ఆపిల్ చెట్టు వైపు కిటికీకి అంకుల్ కర్టెన్ వేయించారు. మార్చిలో ఆయన హాలిఫాక్స్‌లోని వృద్ధాశ్రమానికి వెళ్లిపోయారు. రైఫిల్‌ను లైసెన్సున్న పాత శిష్యుడొకడు వచ్చి తీసుకెళ్లాడు. నేను నెలకోసారి ఆయన్ని చూడ్డానికి వెళ్తాను. క్రికెట్ గురించి, తెనాలి గురించి చెబుతారు. వేట మాట ఆయన ఎత్తరు. ఎత్తడానికి నాకూ ధైర్యం చాలదు.