నరసక్క భాగం

రాత్రి వాన పడింది. కర్ణాటకలోని మా కరువు పావగడలో వాన పడితే అదే పెద్ద కబురు. పొద్దున్నే పురసభ పనివాళ్ళు వచ్చి మా హోటలు ముందర మోరీ మీది బండలు లేపి పూడిక తీస్తున్నారు. లోపల నేను డికాక్షన్ దించుతున్నాను. ఆ మురికికాలువ కంపూ ఈ కాఫీ వాసనా ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ఇంకెవరైనా అయితే ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం నరసక్క గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మోరీ కంపుకు మనిషి గుర్తు రావడమేమిటని మీరు నవ్వితే నవ్వండి. ఆమే ఉండుంటే అందరికంటే ముందు పకపకా నవ్వేది.

నరసక్కది పక్కనే ఉన్న మా ఊరు తిరుమణి. భూములున్న కుటుంబం. మా అమ్మానాన్నలు వాళ్ళ చేన్లలోనే కూలికి పోయేవాళ్ళు. సోలారు పార్కు వచ్చి వేరుశనగ చేన్లన్నీ పలకల కింద పోయాక, భూమి ఉన్నవాళ్ళకు ఏటేటా కౌలు వచ్చింది. మాలాంటి వాళ్ళకు కలుపు తీసే పని కూడా లేకుండా పోయింది. అన్నదమ్ములు తన భాగం కౌలు తన చేతికిస్తే, దాంతో పావగడ బస్టాండు దగ్గర కాఫీ హోటలు పెట్టాలని ఆమె పట్టుబట్టింది. మొగుడు పోయిన ఆడమనిషికి హోటలేమిటని ఇంట్లోవాళ్ళు నానా మాటలూ అన్నారు. ఆమె వాళ్ళతో వాదించలేదు, తన భాగం డబ్బు తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. "ఏమే గంగా, ఈడ గడ్డి పీకేదానికి గూడా పని ల్యాకపాయె గదా. నాతో పావగడకు వస్తావా?" అంది. నాకు కాఫీ కలపడం రాదక్కా అన్నాను. "నాకు మాత్రం వస్తాదా ఏంది? ఇద్దురం తగలబెట్టి నేర్చుకుందాం రా" అంది. నిజంగానే మొదటి నెల పాలు చాలాసార్లు తగలబెట్టాం.

నేర్చుకున్నాక మాత్రం మా కాఫీకి పేరొచ్చింది. బోరు నీళ్ళతో కాఫీ పెడితే రుచి చెడుతుందని, వీధి చివర ప్రభుత్వం పెట్టించిన ఫిల్టరు నీళ్ళ కేంద్రం నుంచే క్యాన్లు మోయించేది. బై టూ అడిగితే మొహం చిట్లించకూడదన్నది ఆమె చట్టం. తెలియని వాళ్ళకు చెబుతున్నాను, బై టూ అంటే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచి ఇవ్వడం. మా వైపు ఇద్దరు కలిస్తే, జేబులో డబ్బున్నా సరే, బై టూ తాగుతూనే మాట్లాడుకుంటారు. రెండు గ్లాసులూ నిండుగా కనబడేలా పోయాలనేది నరసక్క. "సగం ఇచ్చినారని వాళ్ళకు అనిపించకూడదు మే, పంచుకున్న్యాం అనిపించల్ల" అనేది.

మూడు నాలుగేళ్ళు బాగానే నడిచింది. అప్పుడు మా ఎదురుగా పెద్ద కాఫీ కంపెనీ వాళ్ళ కొట్టు వచ్చింది. ఊరూరా కొట్లున్న విదేశీ కంపెనీ. సోలారు ఇంజనీర్లు, బెంగళూరు నుంచి వచ్చే ఆఫీసర్లు ఉన్నారు కదా, వాళ్ళ కోసం. నిలువెత్తు అద్దాలు, లోపల ఏసీ. నేను ఎదురుగా నిలబడి మనసులో తిట్టుకుంటుంటే, నరసక్క మాత్రం కొత్త చీర కట్టి, ఆకూవక్కా పూలూ పండ్లూ పళ్ళెంలో సర్దుకుని, నన్నూ వెంటబెట్టుకుని వాళ్ళ ప్రారంభానికి బయల్దేరింది. మా వీధిలో ఎవరు అంగడి తెరిచినా పక్క అంగడివాళ్ళు తాంబూలం తీసుకెళ్ళి బోణీ చేయడం రివాజు. ఆ పళ్ళెం ఎక్కడ పెట్టుకోవాలో కౌంటరులో ఉన్న అబ్బాయికి పాపం తెలియలేదు. నరసక్క బై టూ అడిగింది. అలాంటిది లేదు మేడం అన్నాడు. "అయితే ఒగటియ్యప్పా, నేనూ గంగా మీ లోటాలోనే పంచుకుంటాం" అని కూర్చుంది. తాగి, బయటికొచ్చి, "చేదు ఎక్కువుండాది గానీ అంగడి శుభ్రంగా పెట్టినారు. మనం గూడా గోడకు సున్నం కొట్టియ్యల్ల" అంది.

సున్నం కొట్టించినా గిరాకీ పడిపోయింది. వాళ్ళు మొదటి ఆరు నెలలూ ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు పెట్టారు. కాలేజీ పిల్లలు, కుర్ర ఇంజనీర్లు అటే పోయారు. మా దగ్గర రోజూ పేపరు చదివే రిటైర్డు మేష్ట్రు మాత్రం మానలేదు. ఒకరోజు ఆయనే కన్నడ పేపరులో ఒక వార్త చదివి మాకు విడమరచి చెప్పాడు. ఇట్లాంటి కంపెనీల్లో కొన్ని, విదేశంలో ఉన్న తమ సొంత కంపెనీకే పేరు వాడుకున్నందుకు పెద్ద మొత్తం కడతాయట. అలా కట్టాక ఇక్కడ లాభం మిగల్లేదని చూపిస్తాయట. లాభమే లేదంటే దాని మీద పన్నూ లేదు.

"అంటే వాళ్ళ పేరుకు వాళ్ళే బాడుగ కట్టుకుంటారా?" అంది నరసక్క.

"అంతేనమ్మా. ఈ చేతిలోది ఆ చేతికి. చట్టం ప్రకారమే చేస్తాండామంటారు."

"నష్టమొచ్చే అంగడయితే ఊరూరికీ ఇంగోటి యాల తెరుస్తాండారప్పా? మేము నష్టమొస్తే ఉన్నదాన్నే మూసుకుంటాం గదా!"

ఆ మాట వీధంతా పాకింది. నాలుగు రోజులకే బేకరీ శివన్న తన అంగడిలో చిన్న హోటళ్ళవాళ్ళనందరినీ కూర్చోబెట్టాడు. ఆయన మా వీధికి పెద్దలాంటివాడు. అంత పెద్దవాళ్ళే ఎగ్గొడుతుంటే మనమేం పాపం చేశాం, మనం కూడా అమ్మకం సగమే చూపిద్దాం, మిగిలిన దాంతో ధర తగ్గించి వాళ్ళతో పోటీ పడదాం అన్నాడు. అందరూ ఔనన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అది న్యాయంగానే తోచింది. అట్లా చేయకపోతే మా హోటలు దీపావళి దాకా కూడా నిలబడేలా లేదు. నరసక్క ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

"నేను చెయ్యనప్పా శివన్నా."

"నీతికి పోయి అంగడి మూసుకుంటావా నరసక్కా?"

"నీతీ లేదు, గీతీ లేదు. దొంగలెక్క రాస్తే నా నోరు పడిపోతాది. రేపు ఏదన్నా అయితే ఆఫీసుకు పోయి గట్టిగా అడగల్లంటే నోరుండల్ల గదా. వాళ్ళు కట్టకపోతే కట్టమని అడుగుదాం. నేనూ ఎగ్గొట్టి వాళ్ళను యామని అడిగేది?"

అందరూ నవ్వారు. ఇంటికొస్తూ దారిలో నేను కూడా ఆమె మీద విసుక్కున్నాను. ఆమె నా మీద కోప్పడలేదు. మర్నాడు పెద్ద ఫ్లాస్కులు కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. తిరుమణిలో సోలారు పలకలు కడిగేవాళ్ళు తెల్లవారకముందే పనికి దిగుతారు, వాళ్ళకు వేడి కాఫీ ఎవరూ ఇవ్వడం లేదని కనుక్కుంది. మొదటి బస్సుకు నేను ఫ్లాస్కులతో బయల్దేరేదాన్ని. మా అమ్మ వంగి కలుపు తీసిన చోటే నిలబడి, ఆ పలకల వరసల మధ్య కాఫీ పోశాను. చలికి చేతులు కొంకర్లు పోయిన మనుషులు గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగేవాళ్ళు. అద్దాల కొట్టువాళ్ళు అక్కడికి రారు. ఆ తిరుమణి కాఫీయే మమ్మల్ని బతికించింది.

ఆ మరుసటి వానాకాలం వచ్చిపడింది అసలు తంటా. కంపెనీ వాళ్ళు బయట కుర్చీలు వేసుకోవడానికి తమ కొట్టు ముందరి మోరీని బండలతో మూసి సిమెంటు పూసేశారు. వాన పడగానే వీధి నీళ్ళన్నీ ఎదురుతన్ని మా వైపు అంగళ్ళలోకి వచ్చాయి. మోకాలి లోతు మురుగు. శివన్న బేకరీలో పిండి బస్తాలు తడిసి ముద్దయ్యాయి. అందరం కలిసి పురసభ ఆఫీసుకు పోదాం పదండి అంది నరసక్క. ఒక్కరూ కదల్లేదు. అర్జీ పెడితే ముందు మీ అంగడి కాగితాలు తెమ్మంటారని, అమ్మకం లెక్కలు బయటికొస్తాయని అందరికీ గుండెల్లో రాయి పడింది. శివన్న తడిసిన పిండి ఎత్తుతూ, "నువ్వు పో నరసక్కా, నీకేం భయం" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

ఆమె పోయింది. కంపెనీ మేనేజరు, హెడ్డాఫీసుకు రాశాం, జవాబు రావాలి అంటాడు. పురసభ ఇంజనీరు సారు రేపు రమ్మంటాడు. రేపు మళ్ళీ పోతుంది. కసురుకునేది కాదు, బతిమాలేది కాదు, బల్ల ముందు నిలబడి, "నేను పన్ను కట్టే మనిషిని సార్. నా అంగట్లోకి మురుగొస్తాండాది. ఎప్పుడు తీపిస్తారు?" అని అదే మాట అడిగేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. చివరికి ఇంజనీరు ఆమెను చూడగానే, "అమ్మా, ఈ రోజే" అని లేచాడు. గునపాలతో సిమెంటు పగలగొడుతుంటే వీధివీధంతా బయటికొచ్చి చూసింది. నీళ్ళు గళగళా కిందికి పోయాయి. ఆ సాయంత్రమే శివన్న వచ్చి, లెక్కలు సరిగ్గా రాసే మనిషి ఎవరైనా ఉంటే చెప్పమని మెల్లగా అడిగాడు.

అద్దాల కొట్టు ఇప్పటికీ ఉంది. మేమూ ఉన్నాం. నరసక్కే లేదు. గుండెనొప్పి వచ్చినప్పుడు బెంగళూరుకు తీసుకెళ్తానని నేను ఏడ్చి మొత్తుకున్నా, ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేరింది. పడుకున్న గంటకే వార్డు ఆయాను పిలిచి, "ఈ ఫ్యాను యాల తిరగల్యా?" అంది. ఎవరికి చెప్పాలో పేరు కనుక్కుని నన్ను పంపింది. పొద్దుగుంకేలోపు ఎలక్ట్రీషియను నిచ్చెన ఎక్కాడు. పక్క మంచం మీది ముసలామె భయంభయంగా, "నువ్వు పెద్ద ఆఫీసరామ్మా?" అని అడిగింది.

"కాఫీ హోటలామెనమ్మా. ఈ ఆసుపత్రిలో నాకు భాగముండాది."

"పెట్టిపుట్టినావు తల్లీ. నాకేముండాది, కూలిదాన్ని."

నరసక్క మంచం మీద లేచి కూర్చుంది. ఆయాసంతో మాట తెగిపోతున్నా ఆపలేదు. "సబ్బు కొనవా? చెప్పులు కొనవా? కొన్నప్పుడంతా నువ్వూ పన్ను కడ్తానే ఉండావు. నీకూ భాగముండాది. ఏం కావల్లో గట్టిగా అడుగు."

ఆ ముసలామె తన పలచటి దుప్పటిని కాళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత ఆయా అటుగా వస్తే, పిల్లి గొంతుతో, ఇంకో దుప్పటి కావాలి అంది. నరసక్క నా వైపు చూసి కన్ను గీటింది. ఆ వారంలోనే పోయింది.

సెంటు భూమి లేని ఇంట్లో పుట్టినదాన్ని. ఎవరి గట్టు మీద నడిచినా పక్కకు తప్పుకోవడమే నాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. మొన్న పురసభ ఆఫీసులో పని మీద వరుసలో నిలబడి ఉంటే, ఎవరో పెద్దమనిషి కారు దిగి వచ్చాడు. గుమాస్తా నన్ను చూసి, "కొంచెం పక్కకు జరగమ్మా" అన్నాడు. "నా వంతు వచ్చింది సార్" అన్నాను. జరగలేదు.