యంత్రపు కాళ్ల దగ్గర ఆరు వారాల కాపలా

“సెప్పొద్దమ్మమ్మా. ఇంకా రెండ్రోజులే ఉంది. సెప్తే ఆపేత్తారు.”

“ఆపనీ. పుండు పడితే నెలల తరబడి మంచాన పడుండేది నువ్వే.”

“నాకేటీ నొప్పి లేదు.”

“నీకెలాగ తెలుస్తాది? నడుం కింద గిల్లినా తెలీదు.”

నా మనవరాలు రమ పిక్క మీద పెసరగింజంత ఎర్ర మచ్చ. ప్రమాదం తర్వాత మూడేళ్లుగా రమది చక్రాల కుర్చీ. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక కేంద్రం వాళ్లు నడిపించే యంత్రం ఆరు వారాలు కట్టి చూస్తామన్నారు. తోడు మనిషి ఉండాలన్నారు. ముప్పై ఏళ్లు వీధులు ఊడ్చి రిటైరైనదాన్ని. ఆ డ్యూటీ నాకు పడింది.

భవానీపూర్‌లో మా ఇంటికి వాళ్ల బండి ఆరూ నలభైకి వచ్చేది. ఎనిమిదికి హాజరు. మొదటి రోజు వాన. లోపల ఇనుప కాళ్లు రెండు, వీపున బ్యాటరీతో, గోడ పక్కన నిలబడి ఉన్నాయి. లోపల మనిషి లేకుండా నిలబడ్డ కాళ్లను నేను నమ్మలేదు. పట్టీల కింద మెత్తలు పెట్టడం, విప్పాక చర్మం చూడటం నా పని.

“దిదా, రోజూ దొంగను చూసినట్టు చూస్తారెందుకు?” అన్నాడు యంత్రం కట్టే అబ్బాయి, బెంగాలీలో. దిదా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ.

“నడిచేది అదా, నా పిల్లా?”

“ఇద్దరూ, దిదా.”

మొదట ఇరవై అడుగులు. నాలుగో వారానికి నూరు. నిలబడితే రమ నాకంటే ఎత్తు. ఆ సంగతే మరిచిపోయాను.

“అమ్మమ్మా, నీ నడినెత్తి బోడైపోనాదే” అంది పైనుంచి.

చివరి రోజు గేటు దాటించి రోడ్డు మీద నడిపిస్తామన్నారు. రమ దానికోసమే రోజులు లెక్కపెట్టుకుంటోంది. అంతలో ఈ మచ్చ. యంత్రాన్ని అనుమానించాను. పట్టీ బిగించిన అబ్బాయిని అనుమానించాను. ఆ రాత్రి రమ గోడవైపు తిరిగి పడుకుంది. నేను సంచిలోంచి మెత్త తీశాను. ఒకసారి వాడి పారేయాల్సినవి అవి. పారేయబుద్ధి కాక ఉతికి, చిరిగినచోట కుట్టి, మళ్లీ పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. వేలితో తడిమాను. నా దారం ముడి తగిలింది. పెసరగింజంత.

మరునాడు ఎనిమిదికి మెత్త బల్ల మీద పెట్టి, కుట్టింది నేనేనని చెప్పాను. ఆ అబ్బాయి ముడిని చూశాడు, పిక్కను చూశాడు. రమ నడక ఆపించేశాడు. మచ్చ మానేదాకా ఆగుదామంటే, ఎల్లుండి నుంచి యంత్రం ఇంకొకరికి కట్టాలన్నాడు.

తొమ్మిదికి నేనే కుర్చీ తోసుకుంటూ గేటు దాటించాను. బండి కోసం రోడ్డు పక్కన ఆగాం. రమ నన్ను చూడటానికి తల పైకెత్తింది.