జంగయ్య పుట్టించిన టాక్

జంగయ్య గొంతు మీరు విని ఉండరు. ఫిల్మ్‌నగర్‌లో ఏళ్ళ తరబడి డబ్బింగ్ చెప్పేవాడి గొంతు వినకపోవడమేమిటంటారా? ఆయన చెప్పేది ట్రాక్. అసలు నటుడికి తీరిక చిక్కేదాకా ఎడిటింగ్ ఆగకుండా ఇంకొకరితో చెప్పించి పెట్టుకుంటారే, అది. ఆ నటుడొచ్చి తన గొంతు పెట్టగానే జంగయ్యది చెరిపేస్తారు. ఎన్ని సినిమాల్లో ఏడ్చాడో, ఎంతమందిని నరుకుతానన్నాడో పాపం, ఒక్క ముక్క థియేటర్ దాకా రాలేదు. పైగా పుట్టింది సిద్దిపేట వైపు. నోరు తెరిస్తే చాలు, "అలా కాదు జంగయ్యా, మామూలు తెలుగులో చెప్పు" అనేవాళ్ళు. ఆయనది మామూలు తెలుగు కానట్టు.

ఒక్కచోటే ఆయన గొంతు నిలిచింది. జూబ్లీహిల్స్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న సిద్ధార్థ అనే కుర్రాడు 'సవారీ' అని ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశాడు. అందులో హైదరాబాదు రోడ్ల మీద ఆటో నడపాలి. వెనక సీట్లో ఒక ముసలాయన కూర్చుని దారిపొడుగునా సతాయిస్తుంటాడు. ఆ ముసలాయనకి మొదట జంగయ్యతో ట్రాకే చెప్పించాడు. "జర గుంత చూస్కో, నా నడుమేమన్న నీ అబ్బ సొమ్మా" అని జంగయ్య తన ఇంటి మాటల్లో తిడుతుంటే పడీపడీ నవ్వాడు. "ఇంకెవరూ వద్దండీ, మీదే ఉంచేద్దాం" అన్నాడు.

ఆన్‌లైన్ గేమ్ స్టోరులో ఆ ఆట పేజీ కింద ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాసేవారు. యూసుఫ్‌గూడలో కిరాయింట్లో కూర్చుని జంగయ్య పొద్దున్నే చాయ్ చల్లారిపోతున్నా వాటినే చదివేవాడు. ఆట మాత్రం ఎన్నడూ ఆడలేదు, ఆయన పాత ఫోన్లో అది పట్టదు. "మా తాత తిట్టినట్టే ఉంది, ఆయన పోయినంక మళ్ళ ఇప్పుడే విన్న" అని ఎవరో రాస్తే భార్య నీలమ్మని పిలిచి మరీ వినిపించాడు. "ఎన్నిసార్లు చదువుతవయ్యా" అని ఆవిడ విసుక్కునేది గానీ, పక్కింటివాళ్ళకి చెప్పుకునేదీ ఆవిడే.

ఈ ఏడాది స్టోరువాళ్ళు కొత్త మార్పులేవీ చేయని పాత ఆటలన్నీ తీసేస్తామన్నారు. సిద్ధార్థ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతనే ఫోన్ చేసి చెప్పాడు.

"నెలాఖరు దాకా కస్టమర్ల ఫీడ్‌బ్యాక్ చూస్తారటండీ. కావాలని గట్టిగా అడిగితే ఉంచుతారు. వాళ్ళ మానాన వాళ్ళని రాయనిద్దాం, మనం వేలు పెట్టొద్దు."

వేలు పెట్టొద్దట. సినిమావాళ్ళకి చెప్పాల్సిన మాటేనా అది? టాక్ దానంతటదే వస్తుందని నమ్మేవాడు ఫిల్మ్‌నగర్‌లో ఎవడున్నాడు? మొదటాట పడకముందే సూపర్ అని అరిచేవాళ్ళని మాట్లాడి పెట్టుకునే లోకం అది. జంగయ్యకి అన్నం సయించలేదు. ఆ ఆట కూడా పోతే తను ఇన్నేళ్ళు నోరు నొప్పి పుట్టేలా మాట్లాడినదానికి గుర్తంటూ ఏదీ మిగలదని ఒకటే బెంగ.

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు చేరే చాయ్ హోటల్‌కి బయల్దేరాడు. ఆ వారమంతా ఇదే తిరుగుడు, పొద్దున్నే ఆ పేజీ చదివే తీరిక కూడా లేదు. జంగయ్యన్న అడిగితే కాదనేదెవరు? పని లేనివాళ్ళంతా వచ్చారు. హోటల్ వైఫైకి ఫోన్లు కలిపి, ఆట దించుకుని, బెంచీల మీద కూర్చుని "ఏం రాయాలె అన్నా?" అన్నారు.

"ఆట అద్భుతం. ముఖ్యంగా ముసలాయన గొంతు అద్భుతం. దయచేసి తీసేయకండి," అని చెప్పాడు. అది కూడా మామూలు తెలుగులోనే చెప్పాడు, చూడండి ఖర్మ.

ఇచ్చిన డైలాగు పొల్లుపోకుండా అప్పజెప్పడమే వాళ్ళకి తెలిసిన విద్య. ఒక మాట అటూ ఇటూ అయితే సెట్లో అందరి ముందూ చీవాట్లు తినాలి. అందుకని అందరూ అచ్చంగా అదే కొట్టారు. ఒక్కడన్నా తన సొంత ముక్క ఒకటి కలిపితే ఏం పోయేది? కలపలేదు. జంగయ్య అందరికీ చాయ్ తాగించి హాయిగా ఇంటికెళ్ళాడు.

తర్వాత సిద్ధార్థ ఫోన్ చేశాడు.

"ఎవరో దొంగ ఫీడ్‌బ్యాక్ రాయించారండీ. అన్నీ ఒకే చోటు నుంచి, అన్నిట్లో అవే మాటలు. స్టోరువాళ్ళు ఆట తీసేశారు, పేజీలో ఇన్నాళ్ళూ జనం రాసినవన్నీ కూడా చెరిపేశారు. మన మీద ఎవరికండీ ఇంత కక్ష?"

నాకేం తెలుసంటే సరిపోయేది. జంగయ్యకి మనసొప్పలేదు.

"కక్ష గాదు సార్. నేనే రాయించిన."

"అయ్యో జంగయ్య గారూ," అన్నాడు సిద్ధార్థ. "వాళ్ళు ఉంచేద్దామనే అనుకున్నారటండీ. అసలు కస్టమర్లు రాసిందే సరిపోయిందట. ఈ వారం తెగ రాశారట, అదీ ఎక్కువ మీ గురించేనట."

"ఏం రాసిన్రు సార్?"

"నేను చూడలేదండీ. మీరెలాగూ రోజూ చదువుతారు కదా, మీరే చెబుతారనుకున్నాను."

ఫోన్ పెట్టేశాక జంగయ్య ఆ పేజీ కోసం వెతికాడు, అక్కడేమీ లేదు. నీలమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది.

"నా గురించి మస్తు రాసిన్రంట," అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏం రాసిన్రో చదువు మరి," అంది.