బండ్లు మార్చుకున్న తోడికోడళ్లు

నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత నాకు పాఠం చెప్పినవి కాలిపోయిన మోటార్లు. నరసరావుపేటలో నలభై ఏళ్లు వైండింగు చేశాను. మోటార్లతో వచ్చిన పుస్తకాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అలాంటివాడికి, మన ఊళ్లో కరెంటు ఆటోలు దిగి, ఒక్కో కంపెనీ ఒక్కో యాప్ ఇచ్చి, ఒక్కదాంట్లోనూ తెలుగు ముక్క పెట్టకపోతే ఒళ్లు మండదా? బండి మనదంట, దాని బ్యాటరీ ఎంత అరిగిందన్న కబురు మాత్రం వాళ్లదంట!

ఆ మంటతోనే పోయినేడు మా కోడలూ నేనూ పాత కొట్లో ఒక సర్వీసు పెట్టాం. కంప్యూటరు ఆమెది, నోరు నాది. అన్ని యాప్‌ల నుంచీ చార్జింగు, కిలోమీటర్లు, బ్యాటరీ వేడి ఒకచోటికి లాగి, పొద్దున్నే ఒక్కో ఆటోకి తెలుగులో ఒక్క మెసేజీ పంపేవాళ్లం. "ఈవీ డేటా ఇంటిగ్రేషన్" అని కోడలు బోర్డు రాయించింది. అది చదివినవాళ్లు లోపలికొచ్చి, జిరాక్సు తీస్తారా అని అడిగేవాళ్లు.

మా మొదటి గిరాకీలు ఇద్దరు తోడికోడళ్లు. ఒకే వాకిట్లో రెండు కంపెనీల ఆటోలు. పెద్దామె బండి బ్యాటరీ నీరసించింది. వారంటీ ఆ నెలాఖరుదాకే ఉంది. ఎదర మిరప కోతలు. కూలీలను తోలితేనే ఆమెకు ఏడాది గడిచేది. కంపెనీ నాలుగు నెలల రిపోర్టు అడిగితే, మాది గర్వంగా పంపాం. కొత్త బ్యాటరీ ఇవ్వం అన్నారు.

నేను ఫోనెత్తి అరిచాను. అవతలి కుర్రాడు చానా మర్యాదగా, "రోజూ రొంపిచెర్ల రెండు ట్రిప్పులు తిరుగుతోందండీ ఆ బండి. మీ రిపోర్టే చెప్తోంది. అలాంటి బ్యాటరీని బలహీనం అని ఎలా అంటాం?" అన్నాడు.

"మీ లెక్క మీకుంటదిగా, అది చూసుకోండి."

"కస్టమర్ పంపిందే మాకు ఆధారం సార్."

సాయంత్రం తోడికోడళ్లిద్దరూ కొట్టుకొచ్చారు. సంగతి విని పెద్దామె నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏంది బాబాయ్, నా బండి రొంపిచెర్ల పోతందా? రైలు గేటు దాటితే ఉస్సూరంటది!"

"మరి రోజూ పోతన్నావుగా?"

"నేను పోతన్నా. నా బండి పోతందని ఎవరన్నారు? నేను మా చిన్నదాని బండేసుకుని పోతా. అది ఊళ్లో బడిపిల్లల్ని నా బండ్లో తిప్పుకుంటది."

"దూరం కిరాయి తగిలినోళ్లకు మంచి బండి," అంది చిన్నామె. "ఇది కూడా చెప్పాలా బాబాయ్? నువ్వేందో అన్నీ తెలిసినోడివనుకున్నాం."

నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒంటి ఎద్దే ఉండేది. పక్కింటి ఎద్దుతో జత కలిపి, ఇవాళ మా చేను, రేపు వాళ్ల చేను దున్నేవాళ్లం. మా ఎద్దు కుంటిన ఏడు వాళ్లే ఇంకో ఎద్దును అరువు తెచ్చి, తమదానితో జత కట్టి ఇచ్చారు. పలుపు పట్టుకుని తోలుకొచ్చింది నేనే. అది మర్చిపోయి, ఒక మనిషికి ఒకే బండి అనుకున్నానే!

మా దగ్గర చార్జింగు బండి నుంచి వచ్చేది, కిలోమీటర్లు నడిపేవాళ్ల ఫోను నుంచి. రెండూ ఫోన్ నంబరు మీద కలిపాం. "చాసిస్ నంబరు మీద కలుపుదాం మామయ్యా" అని కోడలు మొదట్లోనే చెప్పింది. "ఆ బారెడు నంబరు ఎవరికి గుర్తుంటదమ్మా!" అని నేనే కొట్టిపారేశాను. దాంతో పెద్దామె తిరిగిన దూరమంతా ఆమె బండి నెత్తినెక్కింది.

కోడలు ఒక్క మాటన్నా దెప్పలేదు. కిలోమీటర్లు కూడా బండి మీటరు నుంచే తీసి, నాలుగు నెలలవీ చాసిస్ నంబరు మీద మళ్లీ కలిపింది. నేను తోడికోడళ్లను ఎదురుగా కూర్చోబెట్టి రోజు రోజూ అడిగాను. "అమావాస్య నాడు బళ్లు తియ్యలా." "ఆ శుక్రవారం మా అక్క కోటప్పకొండకి నా బండ్లోనే పోయింది." ఒక్కటి తప్పితే ఒట్టు. పెద్దామె బండి నెల నెలకీ ఎంత కుంగిందో గీత గీసినట్టు కనిపించింది.

కంపెనీకి ఉత్తరం మాత్రం నేనే రాశాను, నా మోటార్ల ఇంగ్లీషులో. తప్పు నాది, బండి గల ఆమెది కాదు అని. నేను తిట్టినవాళ్లకే అలా రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నెలాఖరుకు రెండు రోజులుందనగా బ్యాటరీ వచ్చింది. బిగించిన మెకానిక్ కాగితం చాపి సంతకం పెట్టమన్నాడు. పెద్దామె దాన్ని నాకిచ్చింది. "చూడు బాబాయ్, బండి ఇంకోళ్లకి ఇయ్యకూడదని గానీ రాశారా?"

కళ్లద్దాలు పెట్టుకుని, మెకానిక్ విసుక్కుంటున్నా సరే, వెనకవైపు సన్నక్షరాలతో సహా చదివాను.

"ఎక్కడా లేదు. పెట్టు."

ఆమె సంతకం పెట్టి, తాళం చిన్నామె చేతికిచ్చింది. చిన్నామెకు ఆ పూట ఈపూరు కిరాయి ఉంది.