తోడుగా వచ్చినావిడ

నర్సు శిక్షణకి ఏలూరు వెళ్తానన్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాకు కాస్త వరి పొలం ఉండేది. అవి ఊడ్పుల రోజులు కావడంతో నాన్నగారికి నాతో వాదించే తీరిక లేకపోయింది. "కోతలయ్యాక మాట్లాడదాం" అన్నారు. కోతలయ్యేసరికి నేను తెల్లచీర కట్టుకుని, మనిషిని మంచం మీద నుంచి దింపకుండానే కిందున్న దుప్పటి మార్చడం నేర్చేసుకున్నాను.

మాకు పాఠాలు చెప్పే సిస్టరుగారు నడివయసావిడ. సన్నగా ఉండేవారు, చాలా వేగంగా నడిచేవారు. వార్డులో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, మేము లేని పని కూడా కల్పించుకునేవాళ్లం. ఒకరోజు పాఠం మధ్యలో నన్ను నిలబెట్టారు.

"నలుగురు రోగులు ఒక్కసారే వచ్చారు. ముందు ఎవర్ని చూస్తావమ్మా?"

"ముందు పిలిచినవాళ్లనండీ."

"ఇదేమైనా రేషను దుకాణమా, వరస ప్రకారం ఇవ్వడానికి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. "ముందు ఊపిరి ఆడుతోందా చూడు. రక్తం పోతోందా, నాడి ఎలా ఉందో చూడు. ఒంట్లో నీళ్లున్నాయా చూడు. నొప్పి సంగతి ఆ తర్వాత. పిలవనివాళ్ల వైపు కూడా ఓసారి చూడు. వాళ్లకి పిలిచే ఓపిక లేకపోయి ఉండొచ్చు."

మరుసటి వానాకాలంలో, నన్ను బయటి రోగులను చూసే గదిలో వేసినప్పుడు, కొల్లేరు లంక నుంచి ఒక జంట వచ్చింది. దోనెలో గట్టుకు చేరి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద ఏలూరు వచ్చారు. ఆయన చేపలు పట్టే మనిషి, మంచి కండపుష్టి ఉన్నవాడు. తడిగుడ్డ చుట్టిన చేతిని గుండెలకి హత్తుకుని, ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు.

"అమ్మోయ్! జెల్లచేప పొడిచేసిందండీ! నేను బతకనండీ!"

అందరం ఆయన చుట్టూ చేరాం. వెనకాలే వచ్చిన భార్య గోడ పక్కన బల్ల మీద కూర్చుంది. సిస్టరుగారు గాయం చూసి, ముల్లు ముక్క తీసేసి, "ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు తెచ్చి అందులో చెయ్యి పెట్టించు. ముందు నీ చెయ్యి పెట్టి చూసుకో" అని నాతో చెప్పి పక్క గదిలోకి వెళ్లారు.

బేసిన్‌లో చెయ్యి పెట్టిన కాసేపటికి ఆయన అరుపులు మూలుగులయ్యాయి, మూలుగులు కబుర్లయ్యాయి. వల ఎలా లాగాడో, చేప ఎలా తిరగబడిందో అక్కడున్నవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినకొద్దీ చేప పెద్దదవుతోంది. మేమంతా నవ్వుతున్నాం. నవ్వుతూనే ఆయన భార్య వైపు చూశాను. మొగుడు అంతంత కోతలు కోస్తుంటే ఏ ఆడదైనా నవ్వుతుంది, లేకపోతే కసురుకుంటుంది. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి.

దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాడి కోసం వెతికితే ఎక్కడో సన్నగా తగిలీ తగలనట్టు ఉంది. ముంజేతి చర్మం పట్టి వదిలితే ముడత ముడతలాగే నిలబడిపోయింది.

"మీకు ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"నాకేం లేదండీ. ఆయన్ని చూడండి."

చెవి దగ్గరికి వంగి అడిగాను. "విరేచనాలు అవుతున్నాయా?"

తలూపింది. "తెల్లారినకాణ్ణించీనండీ. దారంతా బండి ఆపించి దిగుతుంటే ఆయన విసుక్కున్నారండీ. బండిలో అంతా మగాళ్లు. ఏం చెప్పనండీ?"

గట్టిగా కేకేశాను. "సిస్టరుగారూ! ఈవిడకి నాడి సరిగ్గా అందడం లేదండీ!"

చెప్పుల చప్పుడు ఈసారి పరుగులో వచ్చింది. ఆవిడని స్ట్రెచర్ మీద వార్డుకి తీసుకెళ్లాం. డాక్టరుగారు వచ్చి సెలైన్ ఎక్కించారు. ఆ మనిషి కూడా, చెయ్యి బేసిన్‌లోంచి తియ్యమని ఎవరూ చెప్పలేదు గనక, బేసిన్ చంకలో ఇరికించుకుని మా వెనకే వచ్చాడు. వరండా పొడుగునా నీళ్లు ఒలికాయి. వార్డు గుమ్మం దగ్గర చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ రోజంతా నేను ఆవిడ మంచం దగ్గరే ఉన్నాను. ఒంట్లోకి నీరెంత పోతోంది, బయటికి ఎంత పోతోంది చూసుకోవడం, బట్టలు మార్చడం, మార్చినవి బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టడం, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం, తడిదూదితో పెదాలు తుడవడం. చూడ్డానికి పెద్ద విద్యలేమీ కావు. ఒక్కటి మానేసినా కుదరదు, అంతే. పొద్దువాలే వేళకి నాడి నా వేలికి చక్కగా తగిలింది. ఆవిడ కళ్లు తెరిచింది.

"ఆయన అన్నం తిన్నారాండీ?"

సిస్టరుగారు నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. నన్ను మెచ్చుకోలేదు గానీ, "రేపట్నుంచి ఈ వార్డులోనే ఉండు" అన్నారు. నాకు ఎంతో సంతోషమైంది.

తర్వాతి పోరు బార్లీ నీళ్లతో. "ఇది మా గేదెలకి పెట్టే కుడితిలా ఉందండీ" అని ఆవిడ మూతి తిప్పుకుంది. ఇంక చేసేది లేక మొగుణ్ణి రంగంలోకి దింపాను. సబ్బుతో చేతులు కడిగించి, ఆవిడని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, చెంచా ఆయన మంచి చేతికిచ్చాను. గబగబా పోసేస్తున్నాడు.

"కాస్త ఆగండి. ఆవిడ మింగాకే ఇంకో చెంచా" అన్నాను.

వార్డులో ఆడవాళ్లంతా గుడ్లప్పగించి చూస్తుంటే, ఆవిడ సిగ్గుతో కళ్లు మూసుకుని గ్లాసుడూ తాగేసింది.

ఇంటికి వెళ్లేరోజున ఇద్దరినీ కూర్చోబెట్టి, తాగే నీళ్లు కాచి చల్లార్చుకోమని చెప్పాను. ఆయన నోరు తెరిచాడు.

"చుట్టూ కొల్లేరేనండీ. అంత నీళ్లు ఎలా కాచమంటారండీ?"

"కొల్లేరంతా ఎవరు కాచమన్నారు? కుండెడు కాస్తే చాలు" అంది ఆవిడ. "పుల్లలు మీరు తెండి, నేను కాస్తాను."

ఆయన నా వైపు చూశాడు, ఏమైనా సాయం వస్తానేమోనని. నేను దుప్పటి మార్చడంలో మునిగిపోయాను.