భరిణలో పటికబెల్లం

ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుంది. కొత్తగా ప్లాస్టరు చుట్టిన వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే వాసన. ఈ ఉదయం బాపట్లలో మా వంటింటి గట్టు మీద సీసా చేతిలోంచి జారి పగిలింది. హాల్లో మా ఆయనా, ఆయన స్నేహితుడు ప్రసాద్‌గారూ కాఫీ తాగుతున్నారు. "ఏంటండీ, ఏదో ఆసుపత్రి వాసనొస్తోంది?" అన్నారు ప్రసాద్‌గారు. "ఫినాయిలండి, నేల తుడుస్తున్నా" అన్నాను. తడుముకోకుండా, చక్కగా, ఇన్నేళ్ళ తర్వాత కూడా! అసలు సంగతి తెలిసిన మా ఆయన మాట మార్చారు. తుడిచిన గుడ్డ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకది ఫినాయిలు వాసనా కాదు, ఆసుపత్రి వాసనా కాదు. రేపల్లె పాసింజరు వాసన. భ్రమరాంబగారి వాసన.

ఆవిడ తెనాలిలో ఒక ఆఫీసులో టైపిస్టు. రేపల్లె నుంచి రోజూ పొద్దున పాసింజర్లో వెళ్ళి సాయంత్రం పాసింజర్లో తిరిగొచ్చేవారు. లావుపాటి మనిషి, గొంతు అంతకన్నా లావు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడతోపాటు ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకావిడ, ఇంకో ఇద్దరు ముగ్గురు, అందరూ సీజను టికెట్ల వాళ్ళు, ఎప్పుడూ అదే పెట్టెలో అవే సీట్లలో కూర్చునేవారు. ఒకరు చిక్కుళ్ళకి ఈనెలు తీస్తుంటే ఒకరు పూలు కడుతుండేవారు. భట్టిప్రోలు దాటగానే టిఫిన్ డబ్బాల మూతలు లేచేవి. ఎవరి డబ్బా వాళ్ళు తినడం అక్కడ లేదు, అందరి డబ్బాలూ అందరివి. ఇంటర్ చదవడానికి తెనాలి వెళుతున్న నన్ను కూడా మొదటి రోజే కలిపేసుకున్నారు. నాకొచ్చిన చిక్కల్లా అక్కడే.

నాకు పన్నెండో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకొచ్చే రకం కాదు, పిల్లలకొచ్చే రకం. రోజూ సూది పొడుచుకోకపోతే బతుకు లేదు. "ఎవరితోనూ అనకు తల్లీ. ఆడపిల్లవి, రేపు సంబంధాలు రావద్దూ?" అని అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆ మాట దిగినంత లోతుకి ఏ సూదీ దిగలేదు. తొడల మీది మచ్చలు చూసుకుంటే నా ఒళ్ళు నాకే అసహ్యంగా ఉండేది. అందుకే రైల్లో మొదటి రోజు ఒకావిడ సున్నుండ చేతిలో పెట్టబోతే "ఇవాళ సోమవారం కదండీ, ఉపవాసం" అన్నాను. మర్నాడు బొబ్బట్టు వచ్చింది. మంగళవారం ఆంజనేయస్వామికన్నాను. శుక్రవారం లక్ష్మీదేవికీ, శనివారం వెంకన్నకీ ఇచ్చేశాను. బుధవారానికి దేవుడు దొరక్క కడుపునొప్పి పెట్టుకున్నాను. ఇంట్లో సూది పొడుచుకుని, శుభ్రంగా నాలుగు ఇడ్లీలు తినొచ్చి మరీ చెప్పేదాన్ని ఇదంతా. నెల తిరక్కుండానే నేనో భక్తురాలినయి కూర్చున్నాను. బ్యాంకావిడ "మా అమ్మాయికి సంబంధం కుదరాలని నువ్వొక దండం పెట్టమ్మా, నీ నోటిమాట ఫలిస్తుంది" అని బతిమాలేది. ఆవిడ ముఖం చూడలేక తల దించుకునేదాన్ని. దాన్ని కూడా వాళ్ళు వినయమనే అనుకున్నారు.

భ్రమరాంబగారు మాత్రం నావైపు ఓరగా చూసేవారు. ఆవిడకీ షుగరే. డబ్బాలు తెరవబోయే ముందు "ఆగండర్రా, నా పూజ కానివ్వండి" అని కుచ్చిళ్ళ పైన చీర కాస్త జరిపి పొట్టలో పొడుచుకునేవారు. పల్లీలమ్మే అతను అటుగా వస్తే "అటు తిరుగు నాయనా, దేవుడికి తెరేశాం" అనేవారు. అందరూ పకపకా నవ్వేవారు. నేను కిటికీలోంచి పొలాల్లోకి చూసేదాన్ని, నన్నే నలుగురి మధ్యా నిలబెట్టి బట్టలిప్పినట్టు. ఆవిడ సంచిలో ఒక ఇత్తడి కుంకుమ భరిణ ఉండేది. దాన్నిండా పటికబెల్లం ముక్కలు, సూది పడ్డాక తినడం ఆలస్యమై షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి. "ఆయన పోయాక బొట్టు పెట్టుకోవద్దన్నారు. భరిణ ఖాళీగా ఎందుకని నా ప్రాణం దాచుకున్నా ఇందులో" అని ఒకసారి బ్యాంకావిడతో అంటుంటే విన్నాను.

మురళి బాపట్ల అబ్బాయి. రేపల్లెలో మేనత్తగారింట్లో ఉండి మా కాలేజీలోనే చదివేవాడు. సన్నగా, నల్లగా ఉండేవాడు. నవ్వితే ఒక బుగ్గే నవ్వేది. ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తూ మాటలు మొదలయ్యాయి. ఓ రోజు "నిన్ను చూస్తే మా అమ్మ గుర్తొస్తుంది శైలజా. ఈ రోజుల్లో ఇన్ని ఉపవాసాలు ఎవరు చేస్తున్నారు?" అన్నాడు. పదహారేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి? రాత్రంతా నిద్ర పట్టలేదు. అతనికి నచ్చింది నేను కాదు, నా అబద్ధం అని నాకు తెలుసు. తెలిసి కూడా మురిసిపోయాను. శనివారాలు తలస్నానం చేసి, జడలో కనకాంబరాలు పెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను, భక్తికి తగ్గట్టు.

అలాంటి ఒక శనివారం ఆలస్యంగా లేచాను. సూదైతే పొడుచుకున్నాను గానీ తినడానికి టైము లేదు. అమ్మ ఉప్మా డబ్బాలో పెట్టి "రైలెక్కగానే తినెయ్యవే, ఆలస్యం చెయ్యకు" అంది. పెట్టెంతా జనం. మురళి వచ్చి సరిగ్గా నా ఎదుటి సీట్లో కూర్చున్నాడు. నా ఒళ్ళో డబ్బా చూసి టీచరుగారు "ఏంటమ్మాయ్, శనివారం పూట టిఫిన్ తెచ్చావే?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే "తనకి కాదండీ, ఫ్రెండుకై ఉంటుంది. శనివారం తను మంచినీళ్ళు తప్ప ముట్టదు" అన్నాడు మురళి. ఎంత గర్వంగా అన్నాడో! నా నోరు అలాగే మూతపడిపోయింది.

వేమూరు దాటాక క్రాసింగని రైలు ఆపేశారు. ముందు చేతులు వణికాయి. తర్వాత చెమటలు. మురళి ముఖం రెండుగా కనబడసాగింది. డబ్బా అడుగు ఇంకా వేడిగానే ఉంది, ఒడిలో తెలుస్తోంది. మూత తీస్తే ప్రాణం నిలుస్తుంది, పరువు పోతుంది. ఛీ, ఏం బుద్ధో నాది! పరువునే గట్టిగా పట్టుక్కూర్చున్నాను. "పాపం, ఉపవాసం కదా, నీరసపడింది" అని ఎవరో అంటున్నారు. అంతలో భ్రమరాంబగారు నా పక్కనున్నావిడని లేపేసి కూర్చుని, ఒక చేత్తో నా దవడ పట్టుకుని రెండో చేత్తో భరిణ తెరిచారు. "అమ్మవారి ప్రసాదం. ఉపవాసం ఉన్నవాళ్ళు కాదనకూడదు. నోరు తెరువు" అన్నారు పైకి. చెవిలో మాత్రం "చప్పరించకే, నమిలి మింగు" అన్నారు. ఒక ముక్క, ఇంకో ముక్క, మరొకటి. కళ్ళు నిలదొక్కుకుని చూసేసరికి మిగతా ఆడవాళ్ళంతా చేతులు చాపి "మాక్కూడా ప్రసాదం పెట్టండి పిన్నిగారూ" అంటున్నారు. ఆవిడ మహా గంభీరంగా అందరికీ తలో ముక్కా పంచారు.

తెనాలిలో దిగగానే నన్ను బెంచీ మీద కూలేసి ఉప్మా తినిపించారు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"ఏంటండీ?"

"మళ్ళీ ఏంటండీ అంటే తంతాను. రోజూ నీ చున్నీకి నా వాసనే వస్తోంది పిల్లా."

బావురుమన్నాను. ఆవిడ ఓదార్చలేదు. "సూదికి సిగ్గుపడ్డావు, సరే. నేనూ పడ్డా. అత్తారింట్లో ఏళ్ళ తరబడి స్నానాలగదిలో పొడుచుకున్నా. కానీ దేవుణ్ణి అడ్డం పెట్టుకుని చావబోవడం ఏంటే? వెంకన్నేం పాపం చేశాడు?" అన్నారు.

"మురళికి మీరు చెప్పండి పిన్నిగారూ, నావల్ల కాదు."

"నేను చెబితే అది జబ్బు కబురవుతుంది. నీ సంగతి నీ నోటితో చెప్పుకో."

చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం తెనాలి స్టేషన్లో, అతని చెప్పుల వైపు చూస్తూ చెప్పాను. జాలిపడతాడనుకున్నాను, భయపడతాడనుకున్నాను. అతను పట్టాల వైపు తిరిగాడు. తర్వాత "అయితే ఆ శనివారాలన్నీ అబద్ధమేనా?" అన్నాడు. "నీకోసం నేనూ ఉంటున్నాను శనివారాలు. అత్తయ్య తిట్టినా అన్నం ముట్టలేదు." అంతలో రైలొచ్చింది. అతను వేరే పెట్టె ఎక్కాడు. పరీక్షలైపోయే దాకా వేరే పెట్టెలోనే ఎక్కాడు, తర్వాత బాపట్ల వెళ్ళిపోయాడు. పెళ్ళయి నేనూ ఈ ఊరే వచ్చాను గానీ, మళ్ళీ ఎప్పుడూ ఎదురుపడలేదు. "జబ్బు ఇష్టంలేక అబద్ధం వంక పెట్టాడేమో" అన్నాను భ్రమరాంబగారితో. "వాడికే తెలియదే. పదిహేడేళ్ళ వెధవకి ఏం తెలుస్తుంది? నీకు మాత్రం తెలిసిందా?" అన్నారు. నాకు ఈ రోజుకీ తెలియదు. ఆకలితో కూర్చున్న ఆ పిల్లాడు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

మురళికి చెప్పిన తర్వాతి సోమవారమే డబ్బాలు తెరిచేటప్పుడు రైల్లో కూడా చెప్పేశాను. "నాకు షుగరండి" అన్నాను, నాకే వినపడనంత నెమ్మదిగా. "గట్టిగా చెప్పవే, ఇంజను డ్రైవరుకి వినపడలేదు" అన్నారు భ్రమరాంబగారు. మళ్ళీ చెప్పాను. డబ్బాల మూతలు ఎక్కడివక్కడే ఆగాయి. చివరికి బ్యాంకావిడ దిగాలుగా "మరి మా అమ్మాయి పెళ్ళి నీ దండాల వల్లే కుదిరిందనుకున్నానే!" అంది. పెట్టె పెట్టెంతా గొల్లుమంది. నవ్వుతూనే టీచరుగారు నా చేతిలో మినపట్టు ముక్క పెట్టారు. "ఇదైతే తినొచ్చా అమ్మా?" అని అడిగారు. అలా అడుగుతారని నాకు అంతవరకూ తెలియదు.

మరుసటి ఏడు భ్రమరాంబగారు రిటైరయ్యారు. ఆఖరి ప్రయాణంలో సంచిలోంచి భరిణ తీసి నా చేతిలో పెట్టారు. "మరి మీకు?" అన్నాను. "నేనిక ఇంట్లోనే ఉంటాగా, వంటింట్లో డబ్బాడు పంచదారుంది" అన్నారు. ఆవిడ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. భరిణ మాత్రం నన్ను వదల్లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా కుంకుమ కోసం దాని మీద చెయ్యి వేస్తే ఇప్పటికీ ముందు నా గుండె ఝల్లుమంటుంది, తర్వాతే నవ్వొస్తుంది.

వంటింట్లో గుడ్డ పిండి ఆరేశాను. చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళాను. ప్రసాద్‌గారు చెప్పులేసుకుంటున్నారు. "ఇందాక ఫినాయిలన్నాను కదండీ, కాదు. నా ఇన్సులిన్ సీసా పగిలింది. నాకు చిన్నప్పటి నుంచీ షుగరు" అన్నాను. ఆయన "అలాగా అమ్మా" అని ఊరుకున్నారు. నా చెవులు మాత్రం సెగలు కక్కాయి, పదహారేళ్ళప్పటిలాగే. ఇంజను దాకా వినపడి ఉండదు పిన్నిగారూ. వీధి గుమ్మం దాకా వినపడింది.