రొయ్యల గట్టు మీద ఆఖరి రేసు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. నెల్లూరులో ఒక మేడ మీద, గోడలకు స్పాంజి అతికించిన చిన్న గది. అందులో నేనూ, ఒక మైకూ, ఒక టీవీ తెరా. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినపడేది.

నాది కోవూరు. ఎడ్ల బండలాగుడు పందేలకు మైకు పట్టడం నా వృత్తి. ఎడ్ల జత బరిలోకి దిగగానే యజమాని పేరూ, ఊరూ చెప్పి మొదలుపెట్టాలి. ఊరు చెప్పకుండా ఒట్టి పేరు చెప్పడం మాలో మర్యాద కాదు. ఇక నోరు మూస్తే పందెం చల్లబడుతుంది కాబట్టి ఆపకుండా వాగుతూనే ఉండాలి. నాకు ఆ వాగుడే అన్నం పెట్టింది.

ఆ ఏడాది మా ఆవిడ పోయింది. ఇంట్లో నోరు విప్పే పనే లేకుండా అయింది. సరిగ్గా అప్పుడే ఒక యాప్ వాళ్లు పిలిచారు. విదేశాల్లో స్పీడ్‌వే అని మోటార్‌సైకిల్ రేసులు జరుగుతాయట, దాని ఛాంపియన్‌షిప్ సీజన్ పొడుగునా తెలుగు కామెంటరీ చెప్పాలట. మాట్లాడటానికి ఒక చోటు దొరికింది కదా అని ఒప్పుకున్నాను.

స్పీడ్‌వే అంటే మట్టి బరిలో నలుగురు నాలుగు చుట్లు తిరిగే పందెం. ఆ బళ్లకు బ్రేకులుండవు, గేరు ఒక్కటే. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. ఎడమ బూటుకు ఇనప తొడుగు వేసుకుని, ఆ కాలు నేలకు రాస్తూ, వెనక చక్రాన్ని పక్కకు జార్చుకుంటూ మలుపు తిరుగుతారు. ఎవరు ఎవరో హెల్మెట్ రంగును బట్టి పోల్చుకోవాలి. శనివారం జరిగిన రేసు వీడియో నాకు సోమవారం వచ్చేది. ఫలితం ముందే తెలిస్తే గొంతు నటిస్తుంది కనుక నేను దాన్ని ఎక్కడా చూసేవాణ్ణి కాదు.

మొదటిరోజే మేనేజరును అడిగాను. "వీళ్ల ఊళ్లు చెప్పండి సార్."

"ఊళ్లెందుకండీ? దేశం చెప్తే చాలు."

నేను వదల్లేదు. విసుక్కుంటూనే ఒక్క కుర్రవాడి ఊరు కనుక్కుని చెప్పాడు. సముద్రం ఒడ్డున జాలర్ల పల్లె. ఇంకేం, మైకులో అందుకున్నాను. "పసుపు హెల్మెట్! మన బోగోలు లాంటి సముద్రపు ఊరి పిల్లోడు!" ఎంత అరిచినా ఆ స్పాంజి గోడలు మింగేశాయి. ఒక్క ఈల లేదు. బయటికొచ్చి టీ తాగుతుంటే ఏడుపొచ్చినంత పనైంది.

కొద్దిరోజులకు ఫోన్. "అన్నా, నేను ఏసోబుని. పందెం ఎడ్లు తోలేవాణ్ణి, గుర్తుండానా? మా బోగోలు పేరెత్తినావే!"

యజమాని ఎడ్లను అమ్మేశాక ఏసోబు బోగోలు దగ్గర రొయ్యల చెరువులకు కాపలా చేరాడట. పొద్దస్తమానం గట్ల మీద తిరుగుతూ కొంగల్నీ నీటికాకుల్నీ తోలాలి. పలకరించే మనిషి లేడు. ఫోన్ జేబులో వేసుకుని నా కామెంటరీ వింటాడట. చూడడు, వింటాడంతే.

"బ్రేకుల్లేకుండా ఎట్టా ఆపతారన్నా?"

"ఆపరబ్బయా. పోతానే ఉంటారు."

"అట్టయితే మా గిత్తలే నయం. పగ్గం లాగితే ఆగేటియి."

అప్పట్నుంచి సోమవారం వస్తే గదిలో నేను ఏసోబుతోనే మాట్లాడేవాణ్ణి. పసుపు హెల్మెట్ వాడు మా ఇద్దరికీ 'మన బోగోలోడు' అయ్యాడు. సీజన్ మధ్యలో వాడి భుజం విరిగితే ఏసోబు చర్చిలో ప్రార్థన కూడా చేయించాడు. వాడు తిరిగొచ్చి, ఆఖరి రేసు నెగ్గితే ఛాంపియన్ అనేదాకా లాక్కొచ్చాడు.

అంతలో మేనేజరు పిలిచాడు. "తెలుగు ఆపేస్తున్నామండీ. వినేవాళ్లు లేరు."

"ఒకడున్నాడు సార్."

నవ్వి, కాఫీ తెప్పించాడు. ఏసోబుకు ఫోన్ చేసి చెప్పాను. "ఇంగ్లీషులో వస్తే నాకేం అర్థమవుద్దన్నా? మనోడు ఏమైనాడో నాకెవురు చెప్తారు?"

ఆఖరి రేసు వీడియో వచ్చిన సోమవారం పందేల మైకూ, స్పీకరు డబ్బా బండికి కట్టుకుని బోగోలు పోయాను. చెరువు పక్క షెడ్డులో మంచం మీద కూర్చుని, ఫోన్లో ఇంగ్లీషు గొంతు తగ్గించి, మైకు అందుకున్నాను. నా అరుపుకు కొంగలన్నీ లేచిపోయాయి.

"రోజూ రాన్నా, నాకు పని తప్పుద్ది!" అని ఏసోబు అవతలి గట్టు మీంచి కేకేశాడు.

ఆఖరి రేసు. మన బోగోలోడు ముందున్నాడు. మొదటి చుట్టు, రెండు, మూడు. నా గొంతు నీళ్ల మీద పాకుతోంది. ఆఖరి మలుపులో వాడి వెనక చక్రం పట్టు తప్పింది. బండి ఒకవైపు, వాడొకవైపు. నా నోరు పడిపోయింది. మైకు చేతిలో ఉండగా నేను ఆగిపోవడం అదే మొదటిసారి.

"ఆపినావేందన్నా?"

ఏసోబు తెర చూడటం లేదు. గెలిచాడని చెప్పినా నమ్ముతాడు. చెప్పేద్దామనిపించింది కూడా.

"పడిపోయినాడు ఏసోబూ. ఎర్ర హెల్మెటోడు గెలిచినాడు."

"గెలిచినోడి సంగతి నాకెందుకన్నా! మనోడు లేచినాడా? అది చెప్పు ముందు!"

కెమెరా గెలిచినవాడి వెంట పడింది. నేను కళ్లు చికిలించి మూలమూలా వెతికాను. దూరంగా పసుపు చుక్క. మోకాళ్ల మీద లేచి, నిలబడి, బండి నెట్టుకుంటూ నడుస్తున్నాడు.

మైకులో గట్టిగా చెప్పాను. "లేచినాడు! సముద్రపు ఊరి పిల్లోడు లేచినాడు!"

అవతలి గట్టు మీద ఏసోబు ఈల వేసి, తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు. ఆ సీజనంతా నేను ఎదురుచూసిన ఈల అది. మైకు పక్కన పెట్టి ఏడ్చాను. మా ఆవిడ పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఇప్పుడు మళ్లీ పందేలకే పోతున్నాను. ఎద్దు మోకాళ్ల మీద పడినా, తోలేవాడు కాలు జారినా, గెలుపోటముల మాట తర్వాత చెప్తాను. లేచిందా, లేచాడా అన్నదే ముందు. బరి చుట్టూ ఎంత జనం ఉన్నా ఆ మాట మాత్రం గట్టు మీద తెర కనపడని ఆ ఒక్కడి కోసం చెప్తాను.